స్టూల్ దిగి హెడ్జ్ కొడదాం: పొడుగు కర్ర ట్రిమ్మర్ ముచ్చట

అందరికీ నమస్తే అండీ. ఆదివారం పొద్దున్నే సైనిక్‌పురిలో ఇంతమంది వస్తారనుకోలేదు, మెషీన్ కోసం వచ్చారా ఇడ్లీ కోసం వచ్చారా అని మాత్రం అడగను లెండి. మాలీలు కూడా వచ్చారు, మీరు ముందుకొచ్చి కూర్చోండన్నా, అసలు ఈ ముచ్చట మీకోసమే.

నేను చాలా ఏళ్లుగా అపార్ట్‌మెంట్ల తోటలు చూసుకుంటున్నా. ఇదివరకు మా పద్ధతేంటంటే రెండు స్టూళ్లు, మధ్యలో ఒక చెక్క పలక, దానిమీద ఒకడు నిలబడి పెద్ద కత్తెరతో కొడుతుంటే కిందనుంచి ఇంకొకడు పలక పట్టుకోవడం. ఒక వానాకాలం స్టూల్ కాలు బురదలోకి దిగబడి మా మాలీ అన్న కాగితంపూల కంచె మీద పడ్డాడు. ముళ్లు ఏరడానికే అరగంట పట్టింది, ఆయన ఇప్పటికీ ఆ చెట్టు వైపు చూడడు. ఆ తర్వాతే ఈ పొడుగు కర్ర ట్రిమ్మర్ కొన్నా.

ఇదేంటో ముందు చెప్తా. గడ్డి కొట్టే బ్రష్ కట్టర్ అందరూ చూసే ఉంటారు కదా, దాంట్లో కర్ర మధ్యలో ఊడి రెండు ముక్కలయ్యే మోడల్ ఉంటది, స్ప్లిట్ షాఫ్ట్ అంటారు. వెనక ముక్కలో ఇంజనో బ్యాటరీ మోటారో ఉంటది, అది పవర్ హెడ్. ముందు ముక్క మనిష్టం, గడ్డి కొట్టేది పెట్టొచ్చు, కొమ్మలు కోసే చిన్న చైన్ రంపం పెట్టొచ్చు, హెడ్జ్ ట్రిమ్మర్, అంటే కంచె మొక్కలు కత్తిరించే పళ్ల కత్తి పెట్టొచ్చు. స్టిల్ కంపెనీ వాళ్లు దీన్ని కోంబి సిస్టమ్ అంటారు, హోండా వాళ్లది వెర్సాటూల్. ఒక కంపెనీ ముక్క ఇంకో కంపెనీ దానికి పడుతుందన్న గ్యారంటీ లేదు. మామూలు రకం వాటిలో కూడా పైపు 26 మిల్లీమీటర్లది ఒకటి, 28 ది ఒకటి, లోపల తిరిగే రాడ్డు చివర పళ్లు కొన్నిటికి 7, కొన్నిటికి 9. అందుకే రాణిగంజ్ షాపులకి పోయేటప్పుడు ఫోన్లో ఫోటో కాదు, పవర్ హెడ్‌నే సంచిలో వేసుకొని పోండి, షాపులోనే బిగించి చూసి డబ్బులివ్వండి. నేను ఫోటో చూపించి ఒకటి తెచ్చుకున్నా, పైపు సరిపోయింది, లోపల పళ్లు సరిపోలేదు, అది ఇప్పుడు మా ఇంట్లో బట్టలారేసే తీగకి ఊతకర్రగా ఉంది.

బిగించేటప్పుడు ఇట్ల చూడండి. పైపు లోపలికి తోస్తూ కొంచెం అటూ ఇటూ తిప్పితే రాడ్డు పళ్లు కూర్చుంటాయి, తర్వాత ఈ బటన్ టక్ మని రంధ్రంలోంచి బయటికి లేవాలి. లేచాక కూడా ఒకసారి గట్టిగా లాగి చూసి, అప్పుడు నాబ్ బిగించాలి. బటన్ సగమే లేస్తే పని మధ్యలో ముందు ముక్క ఊడి కాళ్ల మీద పడుద్ది.

ఇప్పుడు అసలు సంగతి, బరువు. కొనేటప్పుడు అందరూ ఎంత పొడుగు అనే అడుగుతారు, చివర ఎంత బరువు అని ఎవరూ అడగరు. చిన్న లెక్క చెప్తా. కర్ర చివర కత్తి తల 2 కిలోలు అనుకోండి, మీ ముందు చేతికి అది 2 మీటర్ల దూరంలో ఉంది. వెనకవైపు అర మీటరు దూరంలో 4 కిలోల పవర్ హెడ్ ఉంది. తూకం సరిపోవాలంటే వెనక చేత్తో ఇంకో 4 కిలోలంత కిందికి నొక్కి పట్టాలి, అప్పుడు ముందు చేతి మీద మొత్తం 10 కిలోలు పడుద్ది, కర్ర బరువు లెక్కలో వేయకుండానే! చూస్తే ఉన్నది 6 కిలోల సామాను, మోసేది 10. అందుకే పది నిమిషాలకే భుజం మంటెత్తుద్ది. బ్యాటరీ వెనక ఉంటే బరువు అనుకుంటారు గానీ అది తూకం రాయిలాగా పనికొస్తది. భుజం బెల్ట్ మాత్రం తప్పకుండా వేసుకోండి, మీ హెడ్జ్ 8 అడుగులదైతే 8 అడుగులకి సరిపోయే కర్రే కొనండి, ఎక్స్‌టెన్షన్ పైపు ఫ్రీ అన్నాడని తగిలించకండి.

తల వంగుతుంది కదా, అదే దీని గొప్ప. మీరు నేల మీదే నిలబడి, కర్ర ఏటవాలుగా ఉన్నా కత్తి మాత్రం పైన చదునుగా పడేలా వంచుకోవచ్చు. కానీ వంచేటప్పుడు ఇంజన్ ఆపాలి, బ్యాటరీదైతే బ్యాటరీ తీసేయాలి. కత్తిలో పుల్ల ఇరుక్కున్నా అంతే, ఆపకుండా వేలు పెట్టి తీస్తే పుల్ల వచ్చిన మరుక్షణం కత్తి కదులుద్ది. ఇంకోటి, పెట్రోల్ మెషీన్ ఐడ్లింగ్‌లో, అంటే రేజ్ ఇవ్వకుండా ఊరికే నడుస్తున్నప్పుడు కత్తి కదలకూడదు, కదులుతుందంటే ఐడిల్ స్పీడ్ ఎక్కువుందని, లేకపోతే క్లచ్ పోయిందని, సరిచేశాకే పని.

కొట్టే పద్ధతికొస్తే, పక్కలు కిందనుంచి పైకి కొట్టండి, కోసిన ఆకు పక్కకి పడిపోద్ది, కోయాల్సింది కనబడుతుంది. కింద వెడల్పు, పైన కొంచెం సన్నం. మన కాలనీల్లో డురాంటా హెడ్జ్‌లన్నీ పైన గొడుగులాగా, కింద బట్టతలలాగా ఎందుకుంటాయంటే పైన వెడల్పైపోయి కిందికి ఎండ పడదు, అంతే. పైభాగం చివర్లో, రెండు వైపులా సుతిలి తాడు కట్టుకొని కొట్టండి, కంటి కొలతని నమ్మొద్దు. కత్తి పళ్ల సందులో పట్టనంత లావు కొమ్మని కొరికించొద్దు, దానికి రంపం ఉంది. గన్నేరు కొట్టే రోజు కళ్లద్దాలు, ఫుల్ చేతుల చొక్కా, పని అయ్యాక చేతులు కడగకుండా ఛాయ్ ముట్టొద్దు, అది విషపు చెట్టు. మొదలుపెట్టేముందు మామూలు కట్టెతో హెడ్జ్‌ని నాలుగు తట్లు తట్టి ఆగండి, కందిరీగలుంటే అప్పుడే తెలుస్తది. నాకు తట్టకుండా తెలిసింది, మూడు రోజులు ఒక కన్ను మూసుకొనే తిరిగా.

నవ్వడం అయ్యాక ఒకటి వినండి, ఇది మాత్రం నవ్వే విషయం కాదు. ఈ కర్ర అల్యూమినియం, కరెంటు పాకుద్ది. కార్బన్ ఫైబర్ అయినా పాకుద్ది, చేతిలో రబ్బర్ గ్రిప్ ఉంది కదా అని మురిసిపోవద్దు. కరెంటు తీగలకి 15 మీటర్ల దూరం ఉండాలని కంపెనీ పుస్తకాల్లోనే రాసుంటది. మన గల్లీల్లో 15 మీటర్లంటే సగం ఇళ్లు పోతాయి, నాకు తెలుసు. అందుకే తీగ కింద ఉన్న హెడ్జ్‌ని నేను ఈ కర్రతో ముట్టను, లైన్‌మన్‌ని పిలిచి సప్లై ఆపించి చేత్తో కొట్టిస్తా. ఓనర్లు కోప్పడతారు, కోప్పడనీ. కేబుల్ టీవీ వైరు అనుకున్నది ఏ వైరో కిందనుంచి చూసి చెప్పలేం.

పెట్రోల్ సంగతి తొందరగా. టూ స్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోల్లో ఆయిల్ కలపాలి, 50:1 అంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల ఆయిల్, కళ్లతో పోయడం కాదు, మెడికల్ షాపులో సిరంజి దొరుకుతది, దాంతో కొలవండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్, చాలా చిన్న ఇంజన్ల పుస్తకాల్లో 10 శాతం దాటొద్దని రాసుంటది, ఇథనాల్ తేమ పీల్చుద్ది, రబ్బర్లు పాడుచేస్తది. కాబట్టి వారం రెండు వారాలు వాడకపోతే ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజన్ ఆగేదాకా నడిపి పెట్టండి. పని అయ్యాక కత్తి మీద బంక తుడిచి రెండు చుక్కల ఆయిల్, గేర్ బాక్స్‌కి అప్పుడప్పుడు గ్రీజు.

సరే, మాటలు చాలు. బయట గోడ పక్కన డురాంటా ఉంది, పైన తీగలు లేవు, పొద్దున్నే చూసొచ్చా. బెల్ట్ ఎవరికి సరిపోద్దో వాళ్లే ముందు పట్టుకోండి. చెప్పులేసుకొచ్చిన వాళ్లు మెట్ల మీదే నిలబడండి, పిల్లల్ని లోపలే ఉంచండి. అన్నా, ఆ సుతిలి తాడు ఇటు అందుకో.