మా దగ్గర కొనని సైకిల్‌ని మేమెందుకు ముట్టుకోవాలి?

యాంకర్: నమస్కారం. ఆన్‌లైన్‌లో కొన్న సైకిల్ రిపేరుకి తీసుకెళ్తే షాపులవాళ్లు తిప్పి పంపేస్తున్నారని కస్టమర్లు మండిపడుతున్నారు. ఈ చర్చలో అందరికీ సమానంగా టైమ్ ఇస్తాం. మేడమ్, ముందు మీరు చెప్పండి.

కస్టమర్: నాది షాపులో కొన్న సైకిలేనండి. గేర్లు జారుతున్నాయని ఇస్తే, చైన్ మారిస్తే చాలన్నారు. తీరా వెళ్లేసరికి క్యాసెట్, అంటే వెనక చక్రానికుండే గేర్ల పళ్ల చక్రాల సెట్టు, అది కూడా మార్చేశారు. బిల్లు అనుకున్నదానికి రెండింతలైంది. ఒక్క ఫోన్ చేసి అడిగి...

షాపు యజమాని: ఒక్క నిమిషం మేడమ్, నేను చెప్తా. చైన్ సాగిపోయాక కూడా అలాగే తొక్కుతూ పోతే క్యాసెట్ పళ్లు దానికి తగ్గట్టే అరిగిపోతాయి. వాటి మీద కొత్త చైన్ వేస్తే కూర్చోదు. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కగానే జారుతుంది. అప్పుడు తిట్లు పడేది ఎవరికి?

యాంకర్: అది సరే సార్. మేడమ్, విప్పిన పాత క్యాసెట్ మీ చేతికిచ్చారా?

కస్టమర్: లేదండి.

యాంకర్: నా ప్రశ్న అదే. పాత పార్టు ఎక్కడికి పోతోంది?

మెకానిక్: చూపించడం పెద్ద పనేం కాదండి. చైన్ గేజ్ అని ఉంటుంది. ఒక కొన లింకులో తగిలించి రెండోది వదిలితే, చైన్ బాగుంటే పైనే ఆగుతుంది, సాగితే లోపలికి దిగిపోతుంది. వెనక 11, 12 గేర్లుండే సైకిళ్ల చైన్‌ని 0.5 శాతం సాగగానే మార్చేయాలి, తక్కువ గేర్లవాటికి 0.75 దాకా ఆగొచ్చు. కస్టమర్‌ని పక్కన నిలబెట్టి...

షాపు యజమాని: రోజుకి ఎంతమందిని నిలబెడతామండీ! అసలు విషయం ఆన్‌లైన్ సైకిళ్లు. పెట్టెలో వస్తాయి, ఇంట్లో బిగించుకుంటారు. ఎడమ పెడల్ మర రివర్స్‌లో ఉంటుందని తెలీదు. మామూలు బోల్టులా తిప్పుతారు. పెడల్ ఇరుసు స్టీలు, అది బిగించే కడ్డీ, అదే క్రాంక్, మెత్తటి అల్యూమినియం. మర నలిగిపోయి లోపల్నుంచి వెండి రంగు పొడి రాలుతుంటుంది. అది తెచ్చి మా బల్ల మీద పెడతారు.

కస్టమర్: నేను ఆన్‌లైన్‌లో కొనలేదని చెప్పాను కదండీ.

షాపు యజమాని: మీ సంగతి కాదు మేడమ్, జనరల్‌గా చెప్తున్నా.

యాంకర్: జనరల్‌గానే అడుగుతున్నా, ఆ నలిగిన క్రాంక్ మార్చాక పాతది తిరిగిస్తారా?

షాపు యజమాని: మళ్లీ అదేనా? అడిగితే ఇస్తాం!

కస్టమర్: అడగాలని మాకెవరు చెప్తారు?

[ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు]

మెకానిక్: తిప్పి పంపడం తప్పంటాను నేను. అయితే భయం కూడా నిజమే. డిస్క్ బ్రేకులే తీసుకోండి. లోపల ద్రవంతో పనిచేసేవాటిలో కొన్నిటికి మినరల్ ఆయిల్ పోయాలి, కొన్నిటికి డాట్ ఫ్లూయిడ్ అనే వేరే రకం బ్రేకు ద్రవం. ఒకదానిది ఇంకోదాంట్లో పోస్తే రబ్బరు సీల్స్ పాడైపోతాయి. ముందు ఎవరేం పోశారో మనకి...

షాపు యజమాని: అదీ! బ్రేకు పడక ఎవరైనా పడితే బాధ్యత ఎవరిది? ఆఖర్న చెయ్యి పెట్టినవాడిదే. అందుకే మేం వద్దంటాం. ఎక్కడ కొన్నారో అక్కడే చేయించుకోండి.

మెకానిక్: వెబ్‌సైట్ వచ్చి బ్రేకు బ్లీడ్ చేస్తుందా, అంటే లోపలి గాలి తీసి ద్రవం నింపుతుందాండీ? బిగింపులన్నీ చూసి, లోపాలు రాసిచ్చి, సంతకం పెట్టించుకుని చేయొచ్చు.

షాపు యజమాని: ఆ చూడటానికే గంట పడుతుంది. దానికి డబ్బులడిగితే "చూసినందుకు కూడానా?" అంటారు. అనరా మేడమ్?

కస్టమర్: ముందే చెప్తే నేనైతే ఇస్తాను. నా బాధంతా చెప్పకుండా చేశారనే...

యాంకర్: నిజమే, చూసిన టైమ్‌కి డబ్బులివ్వాలన్న సార్ మాటలో న్యాయముంది.

కస్టమర్: మరి నా క్యాసెట్?

యాంకర్: వస్తున్నా మేడమ్. సార్, పాత పార్టులు కవర్లో పెట్టివ్వడం రేపట్నుంచి మీ షాపులో మొదలుపెడతారా?

షాపు యజమాని: చూద్దాం. ముందు వీల్ ట్రూయింగ్, అదే చక్రం వంకర తీయడం, దాని గురించి ఒక మాట చెప్పాలి. ఒక్క స్పోక్ వదులైనా రిమ్ వంకర తిరుగుతుంది, జనం రిమ్మే పోయిందనుకుంటారు...

కస్టమర్: మాట మారుస్తున్నారండీ!

యాంకర్: టైమ్ అయిపోయింది మేడమ్. సార్, స్పోక్ సంగతి ముప్పై సెకన్లలో ముగించండి.