ప్లికర్స్ రివ్యూ: పిల్లల చేతిలో కాగితం, టీచర్ చేతిలో ఫోన్

నమస్తే అండీ. పాఠం చెప్పి "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "అర్థమైంది" అంటుంది. నిజంగా ఎవరికి అర్థమైంది, ఎవరు ఊరికే గొంతు కలిపారు? అది తేల్చే యాప్ ఈ ప్లికర్స్.

పిల్లలకి ఫోన్లు, ట్యాబ్‌లు అక్కర్లేదు. తలా ఒక కార్డు చాలు. ఇదిగో, చూడండి. మధ్యలో నల్లటి గళ్ల బొమ్మ, నాలుగు అంచుల్లో చిన్నగా ఏ, బీ, సీ, డీ. తమ జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. ఏ రెండు కార్డుల బొమ్మా ఒకటి కాదు, పక్కవాళ్లది చూసి తిప్పడం కుదరదు. మీరు ఫోన్ కెమెరా క్లాసు మీదుగా ఒకసారి తిప్పితే ఎవరి జవాబు ఏంటో వచ్చేస్తుంది. కార్డులు ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు. మామూలు సెట్‌లో 40 ఉంటాయి, పెద్ద క్లాసులకి 63 కార్డుల సెట్ ఉంది.

అసలు పని స్కాన్ అయ్యాకే మొదలవుతుంది. హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో 'పీర్ ఇన్‌స్ట్రక్షన్' అనే పద్ధతి తెచ్చారు. ప్రశ్న అడుగుతారు, ఎవరికి వారు ఆలోచించి జవాబిస్తారు. సుమారు 30 నుంచి 70 శాతం మందే కరెక్ట్ అయితే సరైన జవాబు బయటపెట్టరు. పక్కవాళ్లతో వాదించుకోమని, మళ్లీ ఓటు వేయిస్తారు. ఈ పద్ధతికి ప్లికర్స్ చక్కగా సరిపోతుంది.

ఉదాహరణకి, నిటారుగా పైకి విసిరిన బంతి అన్నిటికన్నా ఎత్తులో ఉన్న క్షణాన దాని మీద బలం ఎటు పనిచేస్తుంది? పైకా, కిందికా, అసలు లేదా? వేగం సున్నా కదా, బలమూ సున్నానే అనుకునేవాళ్లు బోలెడుమంది. గురుత్వాకర్షణ మాత్రం ఆ క్షణంలోనూ కిందికే లాగుతుంటుంది. ఇలాంటి ప్రశ్న పడితే క్లాసు రెండుగా చీలి వాదించుకుంటుంది. "గురుత్వాకర్షణ నిర్వచనం ఏది?" లాంటి ప్రశ్నకి ఇంత హంగామా దండగ, చేతులెత్తించినా సరిపోతుంది.

పిల్లలు ఫోన్లలో, ట్యాబ్‌లలో జవాబు నొక్కి ఆడే క్విజ్ యాప్ కహూట్‌తో పోలిస్తే? అందులో సందడి ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ మామూలు సెట్టింగ్‌లో త్వరగా నొక్కినవాళ్లకి ఎక్కువ పాయింట్లు. ఆలోచించే పిల్లలకి అది ఉత్త టెన్షన్. పాయింట్లు ఆపేయొచ్చు, మరి ఆపేది ఎంతమంది?

ప్లికర్స్‌లో లోటు, నాలుగు ఆప్షన్లు దాటి వెళ్లలేం. లెక్క ఎలా చేశారో, ఎక్కడ తప్పారో కార్డు చెప్పదు. దానికి నోట్‌బుక్ చూడాల్సిందే. ఇంకోటి, మెరిసే లామినేషన్ చేయించకండి. లైటు పడి కెమెరా చదవలేదు. కాస్త మందంగా ఉన్న మామూలు కాగితం మీద ప్రింట్ తీయండి, చాలు.