రెండున్నర అడుగుల దారి: నౌపడ–గుణుపురం చిన్న రైలు

సభకు నమస్కారం.

ముందుగా మీ కుడి చేయి పక్కకు చాచండి. భుజం నుంచి వేలి కొసల దాకా ఎంత ఉంటుంది? అటూ ఇటూగా రెండున్నర అడుగులు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం వెళ్లిన చిన్న రైలుకు రెండు పట్టాల మధ్య ఎడం అంతే, లెక్కగా చెబితే 762 మిల్లీమీటర్లు. అదే నౌపడ మీదుగా సాగే మద్రాసు–హౌరా పెద్ద లైనుకు 1,676 మిల్లీమీటర్లు. ఓ మోస్తరు మనిషి ఆ రెండు పట్టాల మధ్య అడ్డంగా పడుకోవచ్చు. దయచేసి ఎవరూ సరిచూడకండి. ఈ లైను బాగోగులన్నీ ఆ రెండు కొలతల తేడాలోనే ఉన్నాయి.

1890లలో తూర్పు తీరం వెంట పెద్ద లైను పడింది. పర్లాకిమిడి మాత్రం దానికి 40 కిలోమీటర్లు లోపల ఉండిపోయింది. అక్కడి జమీందారు గౌరచంద్ర గజపతి సొంతంగా రైలు వేయించడానికి పూనుకున్నారు. 1898లో అనుమతి వచ్చింది, 1900 ఏప్రిల్ 1న నౌపడ–పర్లాకిమిడి మధ్య బండి కదిలింది. ఖర్చు ఏడు లక్షల రూపాయలు. ఇరుకు పట్టాలు ఎందుకంటే చవక: కట్ట సన్నగా ఉన్నా చాలు, పట్టా తేలికది చాలు, దారి ఎంత వంకర తిరిగినా బండి తిరుగుతుంది.

దీన్ని జమీందారీ షోకు అని కొట్టిపారేసేవారున్నారు. నేను ఒప్పుకోను. షోకే అయితే మొదటి పదేళ్ల నష్టానికే మూలపడేది. 1910 తర్వాత కాస్తో కూస్తో మిగిలింది, 1924–25 తర్వాత లాభం పెరిగింది. ఆ ధైర్యంతోనే గౌరచంద్ర కొడుకు కృష్ణచంద్ర గజపతి హయాంలో 1929లో, 1931లో రెండు విడతలుగా లైను గుణుపురం చేరింది. మొత్తం 90 కిలోమీటర్లు.

అయితే పట్టాలలో చేసిన పొదుపుకు నౌపడలో బాకీ తీర్చాల్సి వచ్చేది. చిన్న వ్యాగన్ పెద్ద లైను మీదికి ఎక్కలేదు కదా! గుణుపురంలో ఎక్కించిన బస్తాను నౌపడలో దించాలి, కళాసీ వీపు మీద మోయాలి, మళ్లీ పెద్ద వ్యాగన్‌లో పేర్చాలి. ప్రతి బస్తాకూ రెండు ఎత్తుళ్లు, రెండు కూలీలు. మోతలో ఓ బస్తా చిరిగితే ఆ గింజలు ఎవరి లెక్కలో వేయాలన్న తగవు అదనం. లారీకి ఈ బాధ లేదు. గడపలో ఎత్తిన బస్తాను సంతలోనే దించుతుంది.

మధ్యలో ఇంకో ఏప్రిల్ 1 ఉంది, 1936లోది. ఆ రోజు ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది. దారిలోని టెక్కలి, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. పట్టాలు ఉన్నచోటే ఉన్నాయి, సరిహద్దే వచ్చి వాటిని దాటింది. రాజావారి బడిలో పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని, వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి విడిచి రాజమండ్రి చేరింది అప్పుడే. రైలు మాత్రం ఇరువైపుల వారినీ ఒకే పెట్టెలో కూర్చోబెట్టుకుని తిరుగుతూనే ఉంది.

చివరి రోజుల్లో పొగ ఇంజన్లు పోయి డీజిలు వచ్చింది. 2004 జూన్‌లో బ్రాడ్‌గేజి మార్పు కోసం చిన్న రైలును ఆపేశారు. ఈ మాట రాగానే మనవాళ్లు కూత గుర్తుచేసుకుని నిట్టూరుస్తారు. నాకు ఆ కూత మీద కన్నా దాని తర్వాతి నిశ్శబ్దం మీదే ఫిర్యాదు. పెద్ద బండి పర్లాకిమిడికి 2010లో, గుణుపురానికి 2011లో వచ్చింది. కట్ట వెడల్పు చేయాలి, వంతెనలు బలమైనవి కట్టాలి, నిజమే. కానీ ఆ మొదటి 40 కిలోమీటర్లు కొత్తగా వేయడానికి జమీందారుకు పట్టింది రెండేళ్లు. అవే 40 కిలోమీటర్లు వెడల్పు చేయడానికి మనకు ఆరేళ్లు. అన్నాళ్లూ టెక్కలి, పాతపట్నం జనం బస్సులు పట్టుకుని వేలాడారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.