తూకం పెట్టెలో బిజీబాక్స్

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, సీట్లు దొరక్క గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. నాకిచ్చిన అంశం ఓపెన్ సోర్స్‌లో వ్యాపార అవకాశాలు. అవకాశాల సంగతి తర్వాత. ముందు ఒక తూకం పెట్టె గురించి చెప్పాలి.

హన్మకొండలో మాది చిన్న కంపెనీ. పత్తి మిల్లుల వేబ్రిడ్జికి తగిలించే పెట్టె తయారు చేశాం. లారీ ఎక్కగానే బరువు చదివి, చీటీ కొట్టి, లెక్క ఆఫీసుకు పంపుతుంది. లోపల లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద బిజీబాక్స్ అనే చిన్న చిన్న పనిముట్ల ప్రోగ్రామ్. రెండూ ఓపెన్ సోర్స్, అంటే ఎవరో రాసి అందరికీ తెరిచిపెట్టిన కోడ్. పరకాల, జమ్మికుంట మిల్లుల్లో బాగా నడిచింది. విదేశం నుంచి ఒకాయన వంద పెట్టెలు అడిగాడు. ధర కుదిరింది. అప్పుడు వాళ్ల లాయరు ఒకే ఒక్క ప్రశ్న పంపాడు: ఇందులోని జీపీఎల్ భాగాల సోర్స్ కోడ్ ఎక్కడ ఇస్తున్నారు? జీపీఎల్ అంటే ఆ కోడ్‌ను ఏ షరతుల మీద వాడుకోవాలో చెప్పే లైసెన్స్. సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామర్ చేత్తో రాసిన అసలు రాత.

మా దగ్గర జవాబు లేదు. ఏ వెర్షన్ తీసుకున్నామో, ఏం మార్చామో రాసి పెట్టుకోలేదు. ఆర్డర్ పోయింది.

ఆ కోడ్ మార్చిన అబ్బాయిని అందరి ముందు తిట్టాను. "నెట్‌ల ఫ్రీగనే ఉన్నది కద సార్" అన్నాడు. మరునాటి నుంచి రాలేదు. తప్పు అతనిది కాదు. లైసెన్స్ చదవమని నేనెప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో ఏ సారూ చెప్పలేదట.

పిల్లలూ, ఇక్కడ ఫ్రీ అంటే స్వేచ్ఛ. వాడుకో, మార్చుకో, అమ్ముకో; నీ దగ్గర పెట్టె కొన్నవాడికీ అదే స్వేచ్ఛ ఇవ్వు, అంటే సోర్స్ కోడ్ కూడా ఇవ్వు. జీపీఎల్ రాసిన రిచర్డ్ స్టాల్‌మన్ అందులో పెట్టిన షరతు ఇదే. 1991 నాటి రెండో వెర్షన్‌లో షరతు తప్పితే హక్కు దానంతటదే పోతుంది. హక్కు పోయాక మిగిలేది కాపీరైట్ ఉల్లంఘనే. మన 1957 చట్టం ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనగానే చూస్తుంది, కవి పద్యంతో సమానంగా. ఎంఐటీ అనే ఇంకో లైసెన్స్ వేరు, దాని నోటీసు కోడ్‌తో పాటు ఉంచితే చాలు. మన సర్వర్‌లోనే నడుపుకుంటే జీపీఎల్ సోర్స్ అడగదు. జీపీఎల్‌కే తోబుట్టువైన ఏజీపీఎల్ లైసెన్స్ అలా కాదు: మార్చి నెట్‌లో నడిపితే, వాడేవాళ్లకు ఆ కోడ్ ఇవ్వాల్సిందే.

ఇంత చిన్న విషయానికి కోర్టుకెవరు పోతారంటారా? 2004లో నెట్‌ఫిల్టర్ అనే జీపీఎల్ కోడ్ విషయంలో మ్యూనిక్ కోర్టు సైట్‌కామ్ కంపెనీకి అడ్డుకట్ట వేసింది. 2007లో బిజీబాక్స్ రాసినవాళ్లే అమెరికాలో కేసు వేశారు. అదే బిజీబాక్స్, మా పెట్టెలోది! ఏళ్ల తరబడి కష్టపడి రాసి, డబ్బు అడగకుండా ఇచ్చారు. అడిగింది ఒక్క షరతు. అదీ పాటించకపోతే వాళ్ల కష్టానికి మనమిచ్చే మర్యాద ఏది?

టైమ్ అయిందని చీటీ వచ్చింది. అవకాశాల గురించి చెప్పనే లేదు, నిర్వాహకులు మన్నించాలి. ఒక్క ఐదు నిమిషాలివ్వండి. ల్యాప్‌టాప్ తెచ్చుకున్న ఫైనలియర్ వాళ్లు మీ ప్రాజెక్టు ఫోల్డర్ తెరవండి. బయటి నుంచి తెచ్చిన ప్రతి లైబ్రరీలో లైసెన్స్ ఫైల్ ఉందేమో వెతకండి. దొరకనివాళ్లు, చదివితే అర్థం కానివాళ్లు ముందుకు రండి. నేను కిందికి దిగి వస్తున్నాను.