ఊరికి పంపే ల్యాప్‌టాప్‌లో మిగిలిపోయిన రికవరీ పార్టిషన్లు

అందరికీ నమస్తే అండి. డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి ఈ వారం వ్లాగ్. ఈసారి షాపింగూ లేదు, వంటా లేదు. వచ్చే వారం మా ఆయన ఇండియా వెళ్తున్నారు. ఆయన వాడిన ల్యాప్‌టాప్‌ని కాకినాడలో బీటెక్ చదువుతున్న మా అక్క కొడుక్కి తీసుకెళ్తున్నారు. ఎవరు ఊరెళ్తున్నా సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు ఒక పాత ఫోనో, ల్యాప్‌టాపో ఉండటం మన ఇళ్లల్లో మామూలే కదా.

విండోస్ 11 మా ఆయన శుక్రవారం రాత్రే మళ్లీ ఎక్కించేశారు. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలని సెటప్ అడిగినప్పుడు సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసి, మిగతావి ముట్టుకోలేదు. చాలామంది అలాగే చేస్తారు. శనివారం పొద్దున పిల్లల్ని తెలుగు క్లాసులో దింపి వచ్చి నేను డిస్క్‌లో ఏ భాగం ఎంతుందో చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. మీకూ స్క్రీన్ మీద చూపిస్తాను.

ఇది 512 జీబీ ఎస్ఎస్‌డీ. విండోస్ లెక్కలో అది 476 జీబీగా కనిపిస్తుంది, అందులో కంగారు పడాల్సిందేమీ లేదు. ఎడమ చివర 260 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్. పార్టిషన్ అంటే డిస్క్‌లో విడదీసిన ఒక భాగం. కంప్యూటర్ ఆన్ కావాలంటే అది ఉండాలి, దాని జోలికి వెళ్లొద్దు. పక్కన సీ డ్రైవ్, 461 జీబీ. ఆ తర్వాత చూడండి, వరసగా మూడు రికవరీ పార్టిషన్లు, అంటే విండోస్ తెరుచుకోనప్పుడు బాగుచేసుకోవడానికి వాడే భాగాలు. ఒకటి 750 ఎంబీ పైన, ఒకటి 530 ఎంబీ, ఆఖరున దాదాపు 14 జీబీది. ఏ ఒక్కదానికీ డ్రైవ్ అక్షరం లేదు. రైట్ క్లిక్ చేస్తే హెల్ప్ తప్ప ఇంకేమీ రాదు.

ఒక్క ల్యాప్‌టాప్‌లో మూడు రికవరీలు ఎందుకున్నాయంటే, ఆ 14 జీబీది కంపెనీ వాళ్లు పెట్టిచ్చిన ఫ్యాక్టరీ కాపీ. ఈ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు విండోస్ 10 ఉండేది కాబట్టి, దాన్నుంచి వెనక్కి తెచ్చినా వచ్చేది విండోస్ 10 మాత్రమే. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. 530 ఎంబీది ఆ పాత విండోస్ వాడుకున్న రికవరీ. కొత్త విండోస్‌కి ఆ చోటు చాలలేదు. చాలనప్పుడు సెటప్ ఏం చేస్తుందంటే, సీ డ్రైవ్ చివర్లోంచి కాస్త కోసుకుని తనకో కొత్త పార్టిషన్ కట్టుకుంటుంది. పాతదాన్ని మాత్రం తీసేయదు.

ఈ చోటు చాలకపోవడం చిన్న విషయమేం కాదు. 2024 జనవరిలో విండోస్ 10కి కేబీ5034441 అని ఒక సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. డిస్క్‌లో ఉన్నవి వేరేవాళ్లు చదవకుండా విండోస్ వేసే బిట్‌లాకర్ తాళాన్ని రికవరీ దారిలోంచి దాటేసే లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అది. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేని కంప్యూటర్లలో అది ఎక్కక, 0x80070643 అనే ఎర్రర్ చూపించింది. అందుకే నేను రికవరీ సైజు కూడా చూస్తాను.

ఇప్పుడు అసలు పని, అక్కర్లేని పాతవాటిని తీసేయడం. ఈ మూడింట్లో పనిచేస్తున్నది ఏది? సైజు చూసి ఊహించకండి, విండోస్‌నే అడగండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, రీఏజెంట్‌సీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ ఇన్ఫో అని కొట్టండి. పైన స్టేటస్ ఎనేబుల్డ్ అని ఉండాలి. దాని కింది లైనులో హార్డ్‌డిస్క్ 0, పార్టిషన్ 4 అని వచ్చింది చూడండి. ఈ ల్యాప్‌టాప్‌కి ప్రాణం పోసేది ఆ నాలుగోదే. మీకు డిసేబుల్డ్ అని వస్తే ఏదీ తీసేయకండి, ముందు ఎనేబుల్ చేసి మళ్లీ చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. డిస్క్ మేనేజ్‌మెంట్ బొమ్మలో వేలు పెట్టి లెక్కపెడితే నాలుగోది 530 ఎంబీది అవుతుంది. కానీ అది కాదు. ఈఎఫ్ఐకీ సీ డ్రైవ్‌కీ మధ్య 16 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్ ఒకటి ఉంటుంది, ఆ బొమ్మ దాన్ని చూపించదు. అదే కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ అని కొట్టి, సెలెక్ట్ డిస్క్ 0 ఇచ్చి, లిస్ట్ పార్టిషన్ కొడితే అన్నీ కనిపిస్తాయి. దాని ప్రకారం నాలుగోది సీ డ్రైవ్‌ని ఆనుకుని ఉన్న 750 ఎంబీది. ఐదు, ఆరు పాతవి.

తీసేయడం డిస్క్‌పార్ట్‌తోనే. సెలెక్ట్ డిస్క్ 0, సెలెక్ట్ పార్టిషన్ 5, ఆ తర్వాత డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్. ఆఖరి మాట లేకపోతే అది ఒప్పుకోదు. ఎంటర్ కొట్టాక మళ్లీ అడగదు, వెనక్కి తీసుకోవడం ఉండదు. అందుకే విండోస్ సెటప్ ఉన్న 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుగా పెట్టుకుని, వైఫై, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు కూడా దించుకున్నాకే ఫ్యాక్టరీ కాపీ తీసేశాను. ఐదు అయ్యాక మళ్లీ లిస్ట్ పార్టిషన్ కొట్టి, నంబరూ సైజూ చూసుకుని ఆరోది తీశాను.

ఖాళీ అయిన పద్నాలుగున్నర జీబీని సీ డ్రైవ్‌లో కలుపుదామని మా ఆయన అన్నారు. ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కడానికి రాలేదు. ఖాళీ చోటు సీ డ్రైవ్‌కి కుడి పక్కనే ఉండాలి, మధ్యలో మన నాలుగోది అడ్డంగా ఉంది. దాన్ని డిసేబుల్ చేసి, తీసేసి, సీ డ్రైవ్ పెంచి, చివర్లో మళ్లీ కట్టే పద్ధతి ఉంది. పనిచేస్తున్న రికవరీని ఈ కాస్త చోటు కోసం కదపడం నాకు ఇష్టం లేదు. విండోస్ తెరుచుకోకపోతే కాకినాడలో వాడికి చేతిలో ఉండే మొదటి సాయం అదే. వాడికి అర్ధరాత్రి ల్యాబ్ రికార్డు పని పడితే మేమిక్కడ ఆఫీసులో ఉంటాం.

ఆ రాత్రే వాడికి వీడియో కాల్ చేశాను. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, వాడికి పొద్దున ఎనిమిది.

"పిన్నీ, డి డ్రైవ్ పెట్టావా?" అన్నాడు, హలో కంటే ముందు.

మన పిల్లలకి డి డ్రైవ్ లేకపోతే అది కంప్యూటరే కాదు! ఆ ఖాళీ చోటు మీద రైట్ క్లిక్ చేసి, న్యూ సింపుల్ వాల్యూమ్ చేసి, డి అక్షరం ఇచ్చాను. సినిమాలకి సరిపోదు కానీ రికార్డులకీ ప్రాజెక్టు ఫైళ్లకీ బోలెడు. అదే డిస్క్ కాబట్టి అసలైన బ్యాకప్ వేరే పెట్టుకోమని కూడా చెప్పాను.

తర్వాత షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి చూశాం. నీలం స్క్రీన్, ట్రబుల్‌షూట్, స్టార్టప్ రిపేర్ అన్నీ వచ్చాయి. అక్కడ కొన్ని పనులకి 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. మా ఆయన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసి పంపితే ఆ కీ మా దగ్గర ఉండిపోతుంది. అందుకని ఇప్పుడు ఈ ల్యాప్‌టాప్ వరకే ఉండే లోకల్ అకౌంటే పెట్టాం. ల్యాప్‌టాప్ చేతికి రాగానే వాడు తన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, ఎన్‌క్రిప్షన్, అంటే ఆ తాళం, ఆన్ అయిందో లేదో చూసి, ఆ కీ తన అకౌంట్‌లో కనిపిస్తోందో లేదో ఫోన్‌లో తెరిచి చూసుకోవాలి. తర్వాత కాగితం మీద రాసి వాళ్లమ్మకి ఇవ్వాలి. పెన్‌డ్రైవ్ ఛార్జర్ సంచిలో పెట్టాను.