మిస్, మిసిజ్, మిజ్: పెళ్ళైన స్త్రీకి ఇంగ్లీషులో ఏ మాట వాడాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. పెళ్ళైన స్త్రీని ఇంగ్లీషులో ఎలా సంబోధించాలి, ఆమె గురించి చెప్పేటప్పుడు ఏ మాట వాడాలి? దీని గురించి మాట్లాడటానికి ఒక ఇంగ్లీషు అధ్యాపకురాలు, ఒక అనువాదకులు స్టూడియోకి వచ్చారు. మేడమ్, పొరపాట్లు ఎక్కడ మొదలవుతాయి?

అధ్యాపకురాలు: నోటి దగ్గరే అండి. పెళ్ళికాని అమ్మాయికి వాడే మిస్ చివర స వినిపించాలి. పెళ్ళయిందో లేదో చెప్పకుండా ఏ స్త్రీకైనా వాడేది మిజ్, ఎం, ఎస్ రెండక్షరాలతో రాస్తాం, చివర జ లాంటి ధ్వని. పెళ్ళైన స్త్రీకి వాడే మిసిజ్‌ని ఎం, ఆర్, ఎస్ అని రాస్తాం. మనలో చాలామంది మొదటి రెండింటినీ ఒకేలా పలికేస్తారు. దాంతో మిజ్ అనాలనుకున్నా అవతలివాళ్ళకి మిస్ అనే వినపడుతుంది. రాసేటప్పుడు ఇంకో సంగతి ఉంది. బ్రిటిష్ పద్ధతిలో వీటి చివర చుక్క పెట్టరు. అమెరికన్ పద్ధతిలో మిసిజ్‌కీ మిజ్‌కీ పెడతారు, మిస్‌కి పెట్టరు.

వ్యాఖ్యాత: మిసిజ్‌లో ఆర్ పలకం కదా, మరి ఎందుకు రాస్తాం?

అనువాదకులు: అది యజమానురాలు అనే అర్థమున్న మిస్ట్రెస్ అనే మాటకి పొట్టి రూపమండి. మిస్ కూడా అక్కడి నుంచే వచ్చింది. 17, 18 శతాబ్దాల ఇంగ్లండులో మిసిజ్ అంటే పెళ్ళికి కాదు, హోదాకి గుర్తు. సొంత వ్యాపారం నడిపే స్త్రీకి పెళ్ళి కాకపోయినా మిసిజ్ అనేవారు. పెద్ద ఇళ్ళల్లో పనివాళ్ళ మీద అజమాయిషీ చేసే హౌస్‌కీపర్‌ని కూడా అలాగే పిలిచేవారు. అందుకే ఆ కాలపు దస్తావేజులు అనువదించేవాళ్ళు మిసిజ్ కనపడగానే ‘ఫలానావారి భార్య’ అని రాస్తే, లేని మొగుణ్ణి అంటగట్టినట్టే. ఇప్పుడు మాత్రం మిస్ట్రెస్ అని ఎవరినీ అనకూడదు. వివాహేతర సంబంధం ఉన్న స్త్రీ అనే అర్థం స్థిరపడిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ లాంటి మాటల్లోనే పాత గౌరవం మిగిలింది.

వ్యాఖ్యాత: మరి మిజ్ ఎప్పుడు వచ్చింది?

అనువాదకులు: 1901లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ అనే పత్రిక ప్రతిపాదించింది. పెళ్ళయిందో లేదో తెలియని స్త్రీని ఏమనాలో తెలియక తికమక పడుతున్నాం, రెంటికీ పనికొచ్చే మాట ఒకటి కావాలని దాని వాదన. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1960లలో అమెరికన్ స్త్రీవాద ఉద్యమకారిణి షీలా మైకేల్స్ దాన్ని మళ్ళీ ప్రచారంలోకి తెచ్చారు. 1972లో అదే పేరుతో ఒక స్త్రీవాద పత్రిక క్రమంగా వెలువడటం మొదలైంది. న్యూయార్క్ టైమ్స్ మాత్రం 1986 దాకా తన వార్తల్లోకి రానివ్వలేదు.

అధ్యాపకురాలు: మగవాడిని మిస్టర్ అన్నప్పుడు పెళ్ళి ఊసు రాదు. ఆడవాళ్ళ విషయంలో మాత్రం ముందే తేల్చుకోవాలా? తెలియనప్పుడు మిజ్ అనండి. ఆవిడ తన సంతకం దగ్గర మిసిజ్ అని రాసుకుంటే మీరూ మిసిజ్ అనే రాయండి, దిద్దొద్దు. ఆవిడ డాక్టరైతే డాక్టర్ అనాలి. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లే అయినా కవరు మీద ‘డాక్టర్ అండ్ మిసిజ్’ అని రాసి ఆమె చదువును కొట్టిపారేయడం నాకు బొత్తిగా మింగుడుపడదు.

వ్యాఖ్యాత: ఉత్తరాల్లో, ఫారాల్లో ఏం చూసుకోవాలి?

అధ్యాపకురాలు: మిసిజ్ తరవాత ఇంటిపేరు రావాలి. మిసిజ్ స్మిత్ అనొచ్చు, కవరు మీదైతే మిసిజ్ మేరీ స్మిత్ అని రాయొచ్చు. ఉత్త మిసిజ్ మేరీ అనడం ప్రామాణిక పద్ధతి కాదు. భర్త పూర్తి పేరుతో మిసిజ్ జాన్ స్మిత్ అనడం పాతకాలపు మర్యాద, ఇప్పుడు చాలామంది ఒప్పుకోరు. బ్రిటిష్ పద్ధతి ఉత్తరం డియర్ మేడమ్ అని మొదలైతే చివర యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, డియర్ మిసిజ్ స్మిత్ అని పేరుతో మొదలైతే యువర్స్ సిన్సియర్లీ.

అనువాదకులు: విమానం టికెట్ సంగతి కూడా చెప్పాలి. పేరు చివర ఎంఆర్‌ఎస్ అని అతుక్కుని వచ్చేసరికి పాస్‌పోర్టుతో సరిపోలేదని కంగారుపడతారు. అది టైటిల్, అంటే పేరుతో వాడే గౌరవపదం మాత్రమే, చాలా బుకింగ్ వ్యవస్థలు అలాగే అచ్చువేస్తాయి. అసలు చిక్కు, పేరు నింపే గడిలో మనమే మిసిజ్ అని టైపు చేసినప్పుడు. అప్పుడది పేరులో భాగమైపోతుంది.

వ్యాఖ్యాత: వాక్యంలో పెట్టేటప్పుడు?

అధ్యాపకురాలు: ఇక్కడే అసలు గొడవంతా. జాన్‌తో పెళ్ళి అంటాం కాబట్టి ‘షీ ఈజ్ మ్యారీడ్ విత్ జాన్’ అనేస్తాం. అక్కడ రావలసింది టు. ‘షీ మ్యారీడ్ జాన్’ అంటే మధ్యలో ఏదీ అక్కర్లేదు. మ్యారీడ్ పక్కన విత్ వచ్చే చోటు ఒకటుంది. ‘మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’ అంటే పెళ్ళయింది, ఇద్దరు పిల్లలున్నారు అని. ఈజ్ మ్యారీడ్ ఇప్పటి స్థితిని చెబుతుంది, గాట్ మ్యారీడ్ జరిగిన పెళ్ళిని. అందుకే 2010లో పెళ్ళయింది అనడానికి ‘గాట్ మ్యారీడ్ ఇన్ 2010’ అనాలి.

వ్యాఖ్యాత: భార్యను పరిచయం చేసేటప్పుడు?

అనువాదకులు: మై వైఫ్ అని పేరు చెబితే చాలు. ద మిసిజ్ అనడం స్నేహితుల మధ్య మాట, ఆఫీసులో వద్దు. స్పౌస్ ఫారాలకీ చట్టానికీ సరిపోతుంది, భార్యకైనా భర్తకైనా అదే. లేట్ వైఫ్ అంటే చనిపోయిన భార్య. ఆలస్యంగా వచ్చిందని చెప్పబోయి ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టకండి.

వ్యాఖ్యాత: భర్త పోయిన తరవాత మిసిజ్ తీసేయాలా?

అధ్యాపకురాలు: అక్కర్లేదండి. ఆవిడ ఉంచుకోవచ్చు, మిజ్ అని మార్చుకోనూ వచ్చు. ఫారంలో విడో అనే మాటని టైటిల్ గడిలో రాయకూడదు. దాని చోటు మారిటల్ స్టేటస్, అంటే పెళ్ళి వివరం అడిగే గడి, అక్కడ ఉండే మాట విడోడ్.