తాళం తిప్పగానే పలికే పెట్టె

శ్రోతలకు నమస్కారం.

మీలో కొందరు ఈ ప్రసంగాన్ని ఇంట్లో కూర్చుని వింటూ ఉంటారు. కొందరు కారు నడుపుతూ వింటూ ఉంటారు. నడుపుతున్నవారికి ముందుగా ఒక మనవి. నేను చెప్పే బటన్లను ఇప్పుడే నొక్కి చూడకండి. విని గుర్తుంచుకోండి. కారు నీడపట్టున ఆపాక నింపాదిగా చూసుకోవచ్చు.

ఈరోజు చెప్పబోయేది కారు డ్యాష్‌బోర్డులో ఉండే రేడియో, సీడీ సెట్టు గురించి. కొత్త కార్లలో సీడీ పెట్టే గాడి దాదాపు కనిపించడం లేదు. దాని చోటును పెద్ద తెరలు ఆక్రమించాయి. కానీ పదిహేనేళ్ల కిందట కొన్న కార్లు మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్నాయి, వాటిలో ఆ సెట్లూ ఉన్నాయి. పాట తెగుతోందనో, రేడియో గరగరలాడుతోందనో వాటిని పీకించి పారేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. నేను చూసినంతలో చాలాసార్లు లోపం సెట్టులో ఉండదు. వైరులోనో, యాంటెన్నాలోనో, సీడీకి పట్టిన మురికిలోనో ఉంటుంది.

నా కారు సంగతే చెబుతాను. అది 2008లో కొన్నది. కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలో స్పీకర్లు మార్పించాను. మర్నాటి నుంచి సెట్టుకు మతిమరుపు పట్టుకుంది. రాత్రి కారు ఆపి పొద్దున తాళం తిప్పితే గడియారం మళ్లీ మొదటికి వచ్చేది. దాచుకున్న స్టేషన్లన్నీ పోయేవి. అదే దుకాణానికి వెళితే సెట్టు పాతబడిపోయింది, మార్చేయండి అన్నారు. మా కాలనీ చివర కార్లకు కరెంటు పనులు చేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన సెట్టును బయటికి లాగి, వెనక వైర్లు ఒకసారి చూసి, "పసుపూ ఎరుపూ తారుమారయ్యాయండీ" అన్నారు. రెండు నిమిషాల పని. ఆ సెట్టు నేటికీ పాడుతోంది.

విడిగా అమ్మే సెట్ల వెనక పసుపు వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. తాళం తీసినా అందులో కరెంటు ఉంటుంది. గడియారాన్నీ, మనం దాచుకున్న స్టేషన్లనూ గుర్తుంచుకునేది ఆ కరెంటుతోనే. ఎరుపు వైరులో తాళం తిప్పినప్పుడే కరెంటు వస్తుంది. ఈ రెండూ మారితే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు అన్నీ మరిచిపోతుంది. కారుతో పాటు వచ్చిన వైర్ల రంగులు వేరుగా ఉండవచ్చు కాబట్టి రంగు చూసి నమ్మకుండా టెస్టరుతో చూడాలి.

నలుపు వైరు ఎర్త్. దాన్ని కారు ఇనుప భాగానికి గట్టిగా బిగించాలి. రంగు పూసిన చోట బిగిస్తే, లేక బోల్టు తుప్పు పడితే, పాట వెనక ఈల లాంటి మోత మొదలవుతుంది. ఇంజిన్ వేగం పెంచితే ఆ ఈల స్వరం పైకి పోతుంది, తగ్గిస్తే కిందికి వస్తుంది. బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ తిరుగుడే అలా స్పీకర్లలోకి చొరబడుతుంది. ముందు ఎర్త్ బోల్టు విప్పించి, రంగూ తుప్పూ గీకించి, మళ్లీ బిగించి చూడండి. మోతను అడ్డుకునే ఫిల్టరు కొనే ఆలోచన ఆ తరువాత.

సెట్టు వెనక ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది, సాధారణంగా 10 లేక 15 ఆంపియర్లది. అది కాలిపోతే అదే విలువ గలది పెట్టాలి. రాగి తీగ చుట్టి నడిపించేవారిని చూశాను. అలా చేస్తే తరువాత కాలేది ఫ్యూజు కాదు, డ్యాష్‌బోర్డు వెనకున్న వైర్ల కట్ట.

బ్యాటరీ మార్పించేవారికి ఇంకొక మాట. కొన్ని కార్ల సెట్లకు దొంగల భయంతో రహస్య సంఖ్య పెట్టారు. బ్యాటరీ తీసి మళ్లీ తగిలించగానే తెర మీద కోడ్ అని వస్తుంది. సంఖ్య నొక్కేదాకా సెట్టు నోరు విప్పదు. పదేపదే తప్పు సంఖ్య నొక్కితే చాలాసేపు పూర్తిగా బిగుసుకుపోతుంది. ఆ సంఖ్య కారు పుస్తకాలతో పాటు ఇచ్చిన చిన్న కార్డు మీద ఉంటుంది. పాత కారు కొనేవారు తాళంచెవులతో పాటు ఆ కార్డునూ అడిగి తీసుకోవాలి.

ఇక రేడియో. ఇది నాకు ప్రాణం.

మన దేశంలో ఎఫ్.ఎం. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. హైదరాబాదులో వివిధభారతి 102.8 మీద, రెయిన్‌బో 101.9 మీద వస్తాయి. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు సాగినంత దూరమే పోతాయి. అందుకే ఊరు దాటి కొంతదూరం పోయాక పాట తెగుతూ అతుకుతూ వస్తుంది, గుట్ట అడ్డొస్తే మాయమవుతుంది. అప్పుడు చాలామంది రేడియో కట్టేస్తారు. బ్యాండ్ అని రాసి ఉన్న బటన్ ఒకసారి నొక్కి మీడియం వేవ్‌కు, అంటే తెర మీద ఎ.ఎం. లేక ఎం.డబ్ల్యు. అని కనిపించే చోటికి, వెళ్లి చూడండి. ఆ తరంగాలు నేలను అంటిపెట్టుకుని చాలా దూరం సాగుతాయి. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837, విశాఖపట్నం 927, కడప 900. విజయవాడ వెళ్లేటప్పుడు నేను 738 వింటూ బయలుదేరతాను. సూర్యాపేట దాటాక అది మెల్లగా సన్నగిల్లుతుంటే 837 వైపు తిప్పుతాను. వార్తలు చదివే గొంతు మారితే విజయవాడ దగ్గరపడిందని నాకు గుర్తు.

ఆ నాలుగు సంఖ్యలనూ 9తో భాగించి చూడండి, శేషం రాదు. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ లెక్కన ఉంటుంది. అమెరికాలో ఆ ఎడం 10. అక్కడి ఎఫ్.ఎం. స్టేషన్ల సంఖ్య ఎప్పుడూ 1, 3, 5, 7, 9 అంకెల్లో ఒకదానితోనే ముగుస్తుంది. మా బంధువుల అబ్బాయి అమెరికా నుంచి వస్తూ వాళ్ల నాన్నకు ముచ్చటపడి ఒక కారు సెట్టు తెచ్చాడు. అందులో రెయిన్‌బో చక్కగా వచ్చింది, వివిధభారతి మాత్రం రాలేదు. 102.7 మీద ఒక అడుగు వేస్తే 102.9కి దూకేది. మధ్యలో ఉన్న 102.8 దానికి లేనే లేదు. మీడియం వేవ్‌లో 738కి బదులు 740 దగ్గర ఆగి గురగురలాడేది. సెట్టు పాడైందని వాళ్ల నాన్న దిగులుపడ్డారు. కొన్ని సెట్లలో ఈ అడుగును మార్చే ఏర్పాటు మెనూలో ఉంటుంది. అదృష్టవశాత్తూ ఆయన సెట్టులో ఉంది. ప్రాంతం ఆసియా అని మార్చగానే వివిధభారతి పలికింది. విదేశం నుంచి సెట్టు తెప్పించుకునేవారు ఈ ఏర్పాటు ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

యాంటెన్నాను చాలామంది పట్టించుకోరు. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల కడ్డీ ఎఫ్.ఎం.ను బాగా అందుకుంటుంది. పాత కార్ల మీద లాగి పొడిగించే కడ్డీలు సుమారుగా ఆ పొడవు ఉండేది ఇందుకే. అందం కోసం దాన్ని తీసేసి, లోపల తీగ కూడా లేని ప్లాస్టిక్ ముక్క అతికించుకుని, రేడియో రావడం లేదంటే అది ఎలా వస్తుంది? కడ్డీని ఏడాదికి రెండుసార్లు విప్పి, మరలకు పట్టిన మట్టీ పచ్చతుప్పూ తుడిచి, చేత్తో గట్టిగా బిగించండి. సెట్టు వెనక యాంటెన్నా ప్లగ్గు వదులైందేమో చూడండి.

గరగరకు ఇంకొక కారణం ఫోను ఛార్జరు. సిగరెట్ లైటర్ గూటిలో పెట్టే చవక ఛార్జర్లు కొన్ని రేడియో మీద మోతను కుమ్మరిస్తాయి, మీడియం వేవ్ మీద మరీ ఎక్కువ. ఒక్కసారి దాన్ని బయటికి లాగి వినండి. వెంటనే నిశ్శబ్దమైతే దొంగ దొరికినట్టే.

లోకల్ అని ఒక బటన్ ఉంటుంది. అది వేసి ఉంటే వెతికేటప్పుడు బలమైన స్టేషన్ల దగ్గరే సెట్టు ఆగుతుంది. ఊళ్లో బాగుంటుంది, ప్రయాణంలో తీసేయాలి. మోనో అని ఉంటే, దూరపు ఎఫ్.ఎం. బుసబుసలాడుతున్నప్పుడు అది నొక్కండి. రెండు వైపుల స్టీరియో పోతుంది గానీ మాట తేటపడుతుంది.

శబ్దం గురించి ఎక్కువ చెప్పను. పెట్టె మీద 50 వాట్లు, నాలుగు స్పీకర్లు అని రాసి ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీ మీద, ఇంజిన్ నడిచేటప్పుడు 14 వోల్టుల మీద, మామూలు సెట్టు ఒక్కో స్పీకరుకు నిలకడగా ఇవ్వగలిగేది సుమారు ఇరవై వాట్లే. ఆపైన తిప్పితే పాట పెరగదు, చిరుగుతుంది. ఆ చిరుగుడే స్పీకర్లను చంపుతుంది. అంబులెన్సు సైరను కిటికీలు వేసి ఉన్నా వినిపించేంతలో పెట్టుకుంటే చెవికీ, స్పీకరుకూ, రోడ్డు మీది మనిషికీ మేలు.

ఇప్పుడు సీడీ. వ్యాసం 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. 1982లో మార్కెట్లోకి వచ్చింది. కంటికి కనిపించని పరారుణ లేజరు కిరణం దీన్ని కింది నుంచి చదువుతుంది. గ్రామఫోను రికార్డులో ముల్లు అంచు నుంచి మధ్యకు వస్తుంది కదా, ఇక్కడ కిరణం మధ్య నుంచి అంచుకు పోతుంది. ఆ సన్నని చుట్టలన్నీ విప్పి పరిస్తే 5 కిలోమీటర్లు దాటుతాయి. మొదటి పాటలు బాగా వచ్చి చివరి పాటలు తెగుతున్నాయంటే అంచు వైపు చూడండి. వేలిముద్రలు, గీతలు ఎక్కువగా పడేది అక్కడే.

తుడిచేటప్పుడు గుండ్రంగా తుడవకండి. మధ్య నుంచి అంచుకు నిలువుగా, మెత్తటి నూలు గుడ్డతో తుడవాలి. పాట గుండ్రంగా సాగుతుంది కాబట్టి, దానికి అడ్డంగా పడిన సన్న గీతను సెట్టు లెక్క కట్టి పూడ్చుకుంటుంది. చుట్ట వెంబడి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి చెరిగితే దాని లెక్క తప్పుతుంది.

చాలామందికి తెలియనిది ఒకటి ఉంది. మెరిసే వైపును అపురూపంగా చూసుకుని, పేరు రాసి ఉన్న వైపును బల్ల మీద బోర్లించి ఈడుస్తాం. నిజానికి పాట ఉండేది పేరు రాసిన వైపుకు దగ్గరగానే. కింద 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపు ఉంది. పైన ఉన్నది పలుచని పూత మాత్రమే. అటు గీత పడితే అల్యూమినియం పొరే లేచిపోతుంది, ఇక ఏమీ చేయలేం. అందుకే బాల్ పెన్నుతో దాని మీద రాయకండి. కాగితం లేబుళ్లు అతికించకండి. కారు వేడికి జిగురు కరిగి అది సెట్టు లోపలే ఊడుతుంది.

సీడీ ఇరుక్కుంటే ఇంకొకటి తోయకండి, చాకు మొన పెట్టి పీకకండి. తాళం తీసి కొంతసేపు ఆగి, మళ్లీ తిప్పి, ఎజెక్ట్ నొక్కి పట్టుకోండి. రాకపోతే చాలా సెట్ల ముఖం మీద, లేదా ముఖం విప్పితే లోపల, సూది మొన పట్టే రంధ్రం ఉంటుంది. అది రీసెట్. స్టేషన్లు పోతాయి గానీ సీడీ బయటికి రావచ్చు. బ్రష్షు అతికించిన శుభ్రం చేసే సీడీలు బజారులో దొరుకుతాయి. గాడిలోకి లాక్కునే సెట్లలో అవి వాడవద్దని చాలా సెట్ల పుస్తకాల్లోనే ఉంటుంది. వానాకాలం తేమకు లెన్సు మీద ఆవిరి పట్టి పాట మొదలుకాకపోతే, సీడీ తీసి గంటసేపు వదిలేయండి. ఆరిపోయాక మళ్లీ పాడుతుంది.

ఎం.పి.3 సీడీ తయారు చేసుకునేవారు ఫైళ్ల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు 01, 02 అని వరుస సంఖ్య పెట్టి రాయండి. పాత సెట్లు తెలుగు లిపిని చదవలేవు, తెర మీద ప్రశ్నార్థకాలు చూపిస్తాయి. 700 మెగాబైట్ల సీడీలో మామూలు నాణ్యతతో నూట యాభైకి పైగా పాటలు పడతాయి.

చివరగా ఎండ సంగతి. మే నెలలో మూసి ఉన్న కారు డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. అక్కడ వదిలేసిన సీడీ వంగిపోవచ్చు. ఇంట్లో రాసుకున్న సీడీకి మరీ ప్రమాదం, ఎందుకంటే అందులో పాట ఒక రంగు పొరలో ఉంటుంది, వెలుగుకు ఆ రంగు వెలుస్తుంది. మా అమ్మ పాడిన మంగళహారతులు ఒక క్యాసెట్ మీద ఉండేవి. వాటిని సీడీగా చేయించి కారులో పెట్టుకున్నాను. ఒక వేసవిలో దాన్ని కవరు లేకుండా అద్దం కింద మరిచిపోయాను. నెల తరువాత పెడితే మొదటి రెండు హారతులు వచ్చాయి, మూడోది మధ్యలో తెగింది, ఆ తరువాత ఏమీ లేదు. అప్పటికి క్యాసెట్ కూడా బూజు పట్టి పోయింది. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

మా అక్క దగ్గర ఇంకొక ప్రతి ఉంది. దాన్ని తెచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించాను, రెండు నకళ్లు తీశాను. ఇప్పుడు కారులో తిరిగేది ఒక నకలు. అక్క ఇచ్చిన ప్రతి మా బీరువాలో, అమ్మ పట్టుచీరల మధ్య, చీకట్లో ఉంది. మీ కారు గూటిలో కూడా ఇంటివాళ్ల గొంతు ఉన్న సీడీ ఏదైనా ఉంటే, ఈరోజే దాన్ని ఇంట్లోకి తెచ్చుకోండి.

సెలవు. నమస్కారం.